తెర మీద అంకె మారాలంటే

ఫోన్‌లో కూరగాయలు తెప్పించుకునేవాళ్ళు ఈసారి ఒక సంగతి గమనించండి. బెండకాయల పక్కనున్న ‘యాడ్’ మీట నొక్కగానే ఎన్ని చోట్ల మార్పు వస్తుందో లెక్కపెట్టండి. మీట ఉన్నచోట ప్లస్, మైనస్ గుర్తుల మధ్య ఒకటి అంకె వచ్చి కూర్చుంటుంది. పైన బుట్ట బొమ్మ మీద మూడు ఉన్నది నాలుగవుతుంది. కింద మొత్తం డబ్బు మారుతుంది. ‘ఇంకో 60 రూపాయలకి కొంటే డెలివరీ ఉచితం’ అన్న వాక్యంలో అరవై కాస్తా ఇరవై అవుతుంది. బుట్ట తెరిచి చూస్తే అక్కడ జాబితాలో బెండకాయలు అప్పటికే చేరిపోయి ఉంటాయి. మనం చేసిన పని ఒక్కటే. అయిదు చోట్ల తెలిసిపోయింది.

ఇందులో వింతేముంది అనిపిస్తుంది కదూ. నాకూ అలాగే అనిపించేది. మా పెద్దమ్మాయి చేసే ఉద్యోగం సరిగ్గా ఇదేనని తెలిసేదాకా దాని గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ‘ఫ్రంట్ ఎండ్ డెవలపర్’ అని అందరికీ చెప్పేదాన్ని, అంటే ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పోయినేడు సంబంధం మాట్లాడటానికి ఒకావిడ వచ్చారు. మాటల్లో ఆవిడ, “ఓహో, ఫ్రంట్ ఎండా? అంటే రంగులూ బొమ్మలూ చూసుకునే పని. మావాడిది బ్యాక్ ఎండండీ, అసలు పనంతా అక్కడే ఉంటుంది” అన్నారు. గొంతులో ఎగతాళేమీ లేదు, తెలిసిన విషయం చెబుతున్నట్టే చెప్పారు. అందుకే ఇంకా గుచ్చుకుంది. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి ఎనిమిదైనా లేవని పిల్ల రంగులు వేస్తోందా? సమాధానం చెబుదామంటే నా దగ్గర మాటల్లేవు. ఆ సంబంధం వేరే కారణాల వల్ల కుదరలేదు, అది వదిలేద్దాం. ఆ ఆదివారం మాత్రం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, “నువ్వు రోజంతా ఏం చేస్తావో నాకు తెలుగులో చెప్పు” అన్నాను. అలా మొదలైన ఆదివారాలు నాలుగు నెలలు నడిచాయి.

తను చెప్పిన మొదటి మాట ఇది. బ్రౌజరు మనకి చూపించే పేజీని లోపల ఒక వంశవృక్షంలా పెట్టుకుంటుందట. పేజీ మూలపురుషుడు. దాని కింద పెట్టెలు, వాటి కింద వాక్యాలు, మీటలు, బొమ్మలు. దాన్ని డామ్ అంటారు. మన బుట్టలో ఏమేం ఉన్నాయన్న సమాచారం మాత్రం వేరే చోట, జావాస్క్రిప్ట్ జ్ఞాపకంలో ఉంటుంది. ఈ రెండింటికీ పుట్టుకతో ఏ చుట్టరికమూ లేదు. జ్ఞాపకంలో మూడుని నాలుగు చేసినంత మాత్రాన తెర మీద మూడు నాలుగవదు. ఎవరో ఒకరు వెళ్ళి మార్చాలి.

ఒకప్పుడు ఆ వెళ్ళి మార్చడం మనుషులే చేతితో రాసేవారు. 2006లో జాన్ రెసిగ్ అనే ఆయన జేక్వెరీ అని ఒకటి తెచ్చాక ఆ రాత చాలా సులువైంది, కానీ తీరు మారలేదు. ‘మీట నొక్కితే, ఫలానా పెట్టె వెతుకు, దాని అంకె మార్చు, మొత్తం వెతుకు, అదీ మార్చు’, ఇలా. నేను తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి ఇందులో క్రియలన్నీ విధ్యర్థకాలేనని ఠక్కున పట్టేశాను. వెళ్ళు, వెతుకు, మార్చు, దాచు, చూపించు. ఇప్పటివాళ్ళు రాసేదాంట్లో ఆజ్ఞలు ఉండవు, వర్ణన ఉంటుంది. ‘బుట్ట బొమ్మ మీద అంకె అంటే బుట్టలోని వస్తువుల సంఖ్య’ అని ఒక్కసారి చెప్పి ఊరుకుంటారు. ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి అన్నది కింద ఉన్న సరంజామా చూసుకుంటుంది. ఆ సరంజామానే ఫ్రేమ్‌వర్క్ అంటారు.

ఆజ్ఞలతో వచ్చిన చిక్కేమిటంటే లెక్క పెరిగిపోతుంది. బుట్ట మారడానికి అయిదు కారణాలున్నాయనుకోండి: వస్తువు వేయడం, తీయడం, కూపన్ పెట్టడం, దుకాణంలో సరుకు అయిపోవడం, ఇంకో ఫోన్‌లోంచి మనవాళ్ళెవరో మార్చడం. చూపించే చోట్లు అయిదు. అయిదయిదులు ఇరవై అయిదు ఆజ్ఞలు, ఒక్కటి కూడా మర్చిపోకుండా రాయాలి. ఆరో చోట కూడా చూపించమని మేనేజరు అడిగితే ఇంకో అయిదు. పెళ్ళి ముహూర్తం మారితే బంధువులందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే పనిలాంటిది ఇది. ఎవరో ఒకరు మిగిలిపోతారు. మిగిలినవాళ్ళు జన్మంతా అంటారు.

ఫేస్‌బుక్‌లోనే ఇలా మిగిలిపోయిన కథ ఒకటుంది. మెసేజ్ వచ్చిందని పైన ఎర్రటి అంకె కనిపించేది, తెరిచి చూస్తే కొత్తది ఏదీ ఉండేది కాదు. ఒకసారి బాగుచేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చేది. ఒకే విషయం మూడు నాలుగు చోట్ల విడివిడిగా రాసిపెట్టుకోవడమే కారణం. చదివిన సంగతి ఒకచోటికి తెలిసి ఇంకోచోటికి తెలియదు. 2014లో వాళ్ళ సభలో జింగ్ చెన్ అనే ఇంజనీరు ఈ కథ చెప్పి, మార్పులన్నీ ఒకే దారిలో, ఒకే దిక్కుగా ప్రవహించాలన్న పద్ధతిని వివరించింది. దాని పేరు ఫ్లక్స్. ఆ వీడియో మా అమ్మాయి నాకు చూపించింది. ఇంగ్లీషు సగమే అర్థమైంది కానీ, ఒక ఆడపిల్ల అంతమందికి చెబుతుంటే చూడటం బాగుంది.

ఇక ఈ ఫ్రేమ్‌వర్కులు, సమాచారం మారిందని ఎలా పసిగడతాయి? ఇక్కడే నాకు అసలు రుచి తగిలింది. ఒక్కొక్కరిదీ ఒక్కో దారి.

గూగుల్‌వాళ్ళ యాంగ్యులర్ 2010లో వచ్చింది. మిష్కో హెవెరీ దాన్ని మొదలుపెట్టాడు. మొదటి యాంగ్యులర్ పద్ధతి అచ్చంగా మా అత్తయ్యగారిది. ఊరికి బయల్దేరేముందు గ్యాస్ కట్టామా, కుళాయిలు బిగించామా, పెరటి గడియ పడిందా అని ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతారు. ఎక్కడైనా ఏదైనా సరిచేయాల్సి వస్తే, అది సరిచేసేటప్పుడు ఇంకోటి తెరిచామేమోనని మళ్ళీ మొదట్నుంచి ఇంకో చుట్టు. ఒక చుట్టులో ఏ మార్పూ కనబడకపోతేనే చెప్పులు వేసుకుంటారు. యాంగ్యులర్ కూడా అంతే. మనం ఏది నొక్కినా, తను కనిపెట్టుకున్న విలువలన్నింటినీ పాతవాటితో పోల్చి చూస్తుంది, ఏదైనా మారితే ఇంకోసారి చూస్తుంది. పది చుట్లు తిరిగినా మార్పులు ఆగకపోతే మాత్రం తప్పుందని చెప్పి మానేస్తుంది. మా అత్తయ్యగారికి అలాంటి హద్దేమీ లేదు. పేజీ చిన్నదైతే ఈ పద్ధతి హాయిగా నడుస్తుంది. వేల విలువలుంటే ఫోన్ ఆయాసపడుతుంది.

రెండో దారి మా సందులోకొచ్చే మల్లెపూల ఆవిడది. ఎవరింటివాళ్ళు పూలు అడిగారో ఆవిడ బుర్రలో ఉంటుంది. పూలు వచ్చిన రోజు అన్ని గుమ్మాలూ తట్టదు, అడిగిన గుమ్మాల ముందే కేకేస్తుంది. 2010లో స్టీవ్ శాండర్సన్ తెచ్చిన నాకౌట్, 2014లో ఇవాన్ యూ విడుదల చేసిన వ్యూ ఈ దారిలోవే. పేజీలో ఏ ముక్క ఏ విలువని చదివిందో, చదువుతున్నప్పుడే చీటీ రాసుకుంటాయి. ఆ విలువ మారగానే చీటీలో ఉన్నవాళ్ళకి మాత్రమే కబురు వెళుతుంది. వ్యూ రెండో తరంలో ఒక లోటుండేది. మొదట్లో ఉన్న గుణాలకే ఒక్కొక్క కాపలా పెట్టేవారు కాబట్టి, తర్వాత కొత్తగా చేర్చిన గుణం సంగతి దానికి తెలిసేది కాదు. వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళని పూలావిడ ఎరగనట్టు. 2020లో వచ్చిన మూడో తరంలో ఒక్కో గదికి కాకుండా వీధి గుమ్మానికే కాపలా పెట్టి ఆ లోటు తీర్చారు. దాని పేరు ప్రాక్సీ.

మూడోది రియాక్ట్, మా అమ్మాయి రోజూ వాడేది. జోర్డన్ వాక్ అనే ఫేస్‌బుక్ ఇంజనీరు తయారుచేశాడు, 2013లో అందరికీ ఇచ్చేశారు. ఇది ఏ విలువ మారిందని వెతుకుతూ కూర్చోదు. ఏదో మారిందని చెబితే చాలు, ఆ భాగం ఇప్పుడు ఎలా ఉండాలో మనసులో మొత్తం మళ్ళీ గీసుకుంటుంది. ముందు గీసిన దానితో పోల్చి, తేడా ఉన్నచోటే తెర మీద చెయ్యి పెడుతుంది. మనం రోజూ ముగ్గంతా చెరిపి మళ్ళీ వేస్తాం. రియాక్ట్ అయితే కొత్త ముగ్గు మనసులో వేసుకుని, నిన్నటిదానికీ దీనికీ ఒక్క రేకే తేడా అని చూసి, ఆ రేకు మాత్రం తుడిచి దిద్దుతుంది. మనసులో గీయడం చవక, తెర మీద దిద్దడం ఖరీదు. అదీ కిటుకు.

పోల్చడం మాత్రం అంత తేలికేమీ కాదట. రెండు వంశవృక్షాలని ఏ లోపమూ లేకుండా పోల్చే పద్ధతులు వాడితే, వెయ్యి కొమ్మలున్న పేజీకి వంద కోట్ల పోలికలు అవసరమవుతాయని మా అమ్మాయి కాగితం మీద వేసి చూపించింది. వెయ్యిని వెయ్యితో, మళ్ళీ వెయ్యితో హెచ్చించడమే. అందుకని రియాక్ట్ రెండు ఊహలు పెట్టుకుంటుంది. కొమ్మ రకమే మారితే, దాని కింద ఏముందో చూడకుండా మొత్తం తీసేసి కొత్తది పెడుతుంది. జాబితా అయితే ఒక్కో వస్తువుకీ ‘కీ’ అని ఒక గుర్తు ఇమ్మని మనల్నే అడుగుతుంది. దాంతో ఒక్క వరస చూపుతో సరిపోతుంది.

ఆ గుర్తు దగ్గరే కొత్తవాళ్ళు బోల్తాపడతారట. వస్తువుకి సొంత పేరు ఇవ్వకుండా ఒకటోది, రెండోది అని వరస సంఖ్య ఇచ్చేస్తారు. అయితే ఏమవుతుందని అడిగితే ఎంత చెప్పినా నాకు ఎక్కలేదు. చివరికి నేనే పంక్తి భోజనం తెచ్చాను. అరిటాకులు వరసగా వేసి ఉన్నాయి, అందరూ సగం తిన్నారు. మొదటి ఆకు ముందున్నాయన ఏదో పనిపడి లేచి వెళ్ళిపోయాడు. అందరూ ఒక్కో చోటు జరిగి కూర్చున్నారు, ఆకులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇప్పుడు ఎవరి ముందు ఎవరి ఎంగిలాకు? “అదేనమ్మా! సరిగ్గా అదే!” అని పిల్ల చప్పట్లు కొట్టింది. జాబితాలో మొదటి వస్తువు తీసేస్తే, దాని పక్క గడిలో మనం టైపు చేసిన మాట రెండోదానికి అంటుకుంటుంది. మర్నాడు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఇదే ఉదాహరణ చెప్పిందట. తమిళ కుర్రాడొకడికి బాగా నచ్చిందట. నా సంతోషం మీకు వేరే చెప్పాలా.

2016లో రిచ్ హారిస్ తెచ్చిన స్వెల్ట్ సంగతి కూడా ఒక ముక్క చెప్పి వదిలేస్తాను. అది వంటంతా ముందురోజే తరిగి, రుబ్బి పెట్టుకునే రకం. ఏ విలువ మారితే ఏ ముక్క దిద్దాలో పేజీ మన ఫోన్‌కి చేరకముందే లెక్కకట్టి, ఆ పాత ఆజ్ఞలనే యంత్రం చేత రాయిస్తుంది. చివరికి మళ్ళీ విధ్యర్థకాలే! కాకపోతే మర్చిపోని చెయ్యి రాస్తోంది.

ఇన్ని దారుల్లోనూ మా అమ్మాయి ఒక సూత్రం పదేపదే చెప్పేది. ఒక విషయం ఒక్కచోటే ఉండాలి. మిగతా చోట్ల కనిపించేదంతా దాన్ని చూసి పుట్టాలి, విడిగా రాసిపెట్టకూడదు. వినడానికి చిన్న మాట. మా ఇంట్లో ఒక సంఘటన జరిగాక దాని బరువు తెలిసింది.

మా అత్తయ్యగారికి బీపీ ఉంది. జనవరిలో డాక్టరుగారు పాత మాత్ర ఆపి కొత్తది రాశారు. ఆ కొత్తదాంట్లో పాత మందూ ఉంది, దానికి తోడు ఇంకోటీ ఉంది. పేరు మాత్రం పూర్తిగా వేరు. తర్వాత ఆవిడ మా మరిదిగారింటికి రెండు నెలలు ఉండటానికి వెళ్ళారు. కొత్త మాత్రలు సంచిలో పెట్టి పంపాం. అక్కడ మా తోడికోడలి ఫోన్‌లో ఎప్పటిదో మందుల జాబితా ఫొటో ఉంది. పాపం ఆ అమ్మాయి శ్రద్ధగలది. జాబితాలో ఉన్న మాత్ర సంచిలో లేదని గమనించి, కొని తెప్పించి మరీ రెండూ వేసింది. మూడోరోజు పొద్దున అత్తయ్యగారు స్నానాల గదిలో కళ్ళు తిరిగి గోడ పట్టుకుని నిలబడిపోయారు. పడలేదు, దేవుడి దయ. డాక్టరుగారికి ఫోన్ చేస్తే పాతది వెంటనే ఆపమన్నారు.

ఇందులో ఎవరిని అనగలం? ఎవరికి వాళ్ళు తమ దగ్గరున్న కాగితం ప్రకారం సరిగ్గానే చేశారు. ఆ సాయంత్రం మా అమ్మాయి ఒకే ప్రశ్న అడిగింది: “ఆ జాబితాకి ఎన్ని కాపీలున్నాయమ్మా?” కూర్చుని లెక్కపెట్టాం. ఫ్రిజ్ మీద కాగితం, మావారి ఫోన్‌లో ఫొటో, తోడికోడలి ఫోన్‌లో ఫొటో, అత్తయ్యగారి పర్సులో చీటీ, మందుల డబ్బా మూత మీద నేను అంటించిన పట్టీ. అయిదు. బెండకాయలకి అయిదు చోట్లే, దీనికీ అయిదు చోట్లే. అక్కడ లెక్క తప్పితే నలభై రూపాయలు పోతాయి.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. డాక్టరు మందు మార్చినప్పుడు ఆ కాగితాలన్నీ మార్చుకుంటూ తిరిగేది ఎవరు? గ్యాస్ అయిపోయిందని, ప్లంబరు గురువారం కాక శుక్రవారం వస్తాడని, చిన్నాడికి శనివారం కూడా స్కూలుందని, ఇంట్లో ఒకరికి తెలిసింది మిగతా నలుగురికీ చేరేలా చూసేది ఎవరు? మీ ఇళ్ళలో ఎవరో మీకు తెలుసు. ఆ పని జరిగినంతకాలం అది పనిగా కనబడదు. అంకె అన్నిచోట్లా సరిగ్గా ఉంటే ఎవరూ ఆగి చూడరు. తప్పితేనే ‘ఎవరు చూసుకోలేదు?’ అంటారు. మా పిల్ల ఉద్యోగం నేను ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నదేనని అర్థమయ్యాక, ఆ రంగుల మాట నాకు ఎందుకంత గుచ్చుకుందో కూడా తెలిసింది.

ఆ వారమే పిల్ల చిన్న పేజీ ఒకటి తయారుచేసింది. మందుల జాబితా ఒక్కచోటే ఉంటుంది. డాక్టరు మారిస్తే అక్కడ ఒక్కసారి మారిస్తే చాలు. నా ఫోన్‌లో, మావారి ఫోన్‌లో, తోడికోడలి ఫోన్‌లో కనిపించేది అదే. ఫ్రిజ్ మీది కాగితం చింపేశాం. మాత్ర వేశాక ‘వేశాం’ అన్న మీట నొక్కాలి. ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయన్నది పెద్ద అంకెల్లో కనిపిస్తుంది. ఆ అంకెని ఎక్కడ దాచావని నేను అడిగాను. ఎక్కడా దాచలేదంది. కొన్నవాటిలోంచి వేసినవి తీసేస్తే వచ్చేదాన్ని దాచడమెందుకు, కావాల్సినప్పుడల్లా లెక్కకడుతుందట. మావారు పక్కనుంచి, “మా ఎక్సెల్‌లో గడి మారితే మొత్తం దానంతటదే మారినట్టే కదా” అన్నారు. అంతేనట. 1979లో విజికాల్క్ అనే లెక్కల పట్టీ వచ్చినప్పుడే ఈ ఆలోచన జనం చేతికి అందింది, ఇప్పుడు పేజీలకి అబ్బింది. ఆయన మొహంలో గర్వం చూడాలి, విజికాల్క్ ఆయనే కనిపెట్టినట్టు.

మీట నొక్కగానే పచ్చగా మారిపోయే పద్ధతి మాత్రం వద్దని నేనే పట్టుబట్టాను. కొన్ని యాప్‌లలో లైక్ నొక్కగానే గుండె ఎర్రబడుతుంది చూడండి, అప్పటికి వాళ్ళ కంప్యూటరుకి ఆ కబురు చేరి ఉండదు. చేరుతుందిలే అన్న నమ్మకంతో ముందే చూపిస్తారు. చేరకపోతే వెనక్కి తీసుకుంటారు. ఫొటోలకి అది చెల్లుతుంది. మందుకి చెల్లదు. మా పేజీలో కబురు చేరాకే పచ్చరంగు వస్తుంది, అందాకా బూడిదరంగే. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు విసుగొస్తుంది, అయినా సరే.

అత్తయ్యగారు ఏప్రిల్‌లో తిరిగొచ్చారు. ఆవిడకి తెర మీద నమ్మకం లేదు. ప్రతి ఆదివారం కళ్ళజోడు పెట్టుకుని పట్టీలోని మాత్రలు వేలితో నొక్కుతూ లెక్కపెట్టి, ఫోన్‌లో అంకె ఎంతుందో చదవమంటారు. ఇన్నాళ్ళూ సరిపోయింది. పోయిన ఆదివారం ఫోన్‌లో పదకొండు, పట్టీలో పన్నెండు. పిల్ల కంగారుపడి కంప్యూటరు ముందు కూర్చుంది. గంటసేపు ఎక్కడెక్కడో వెతికింది. జాబితా చూసింది, తీసివేత చూసింది, మూడు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసింది. అన్నింటిలోనూ పదకొండే, తప్పెక్కడా లేదు.

చివరికి తనే బామ్మ పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది, “బామ్మా, ఏ రోజైనా వేసుకోలేదా?” అని.

“గురువారం. మీ నాన్న మాత్ర చేతిలో పెట్టి, ఆ మీటేదో నొక్కి వెళ్ళాడు. నేను ఉపవాసం కదా, రాత్రికి వేసుకుందాంలే అని పట్టీలోనే దూర్చిపెట్టాను” అన్నారావిడ, తప్పు పట్టేసిన ఆనందంతో.